షిఫ్టు మారితే ఇస్త్రీ టైమూ మారాలి!

ఫోన్‌లో 'ఇస్త్రీ టిప్స్' అని వెతికి చూడండి. వచ్చే వీడియోల్లో చాలావరకు ఒకటే మాట. ఆదివారం ఓ రెండు గంటలు కేటాయించండి, వారానికి సరిపడా బట్టలన్నీ ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించండి, సోమవారం నుంచి హాయిగా ఉండండి అని. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సలహా ఇచ్చినవాళ్లు గోదావరిఖనిలో ఒక్క నెల కూడా కాపురం చేసి ఉండరు.

ఇక్కడ వారమంటే సోమవారం మొదలై ఆదివారం ముగిసేది కాదు. మొదటి షిఫ్టు వారం, రెండో షిఫ్టు వారం, రాత్రి షిఫ్టు వారం. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఒకటి, అక్కడి నుంచి రాత్రి 11 దాకా ఇంకొకటి, మళ్లీ తెల్లారి 7 దాకా మూడోది. ఇంట్లో తిండి, నిద్ర, పిల్లల చదువు, టీవీ సౌండు అన్నీ ఆ షిఫ్టును బట్టే నడుస్తాయి. పోనీ ఆదివారం ఖాళీయా అంటే, ప్లే డే మస్టర్ దొరికితే వదులుకునేదెవరు? చాలా క్వార్టర్లలో ఆదివారం తీరిగ్గా ఉండేది ఇస్త్రీ పెట్టె ఒక్కటే.

ఇంకో లెక్క కూడా ఉంది. సర్కారు బడి పిల్లలకు ఇచ్చే యూనిఫాం ఏడాదికి రెండు జతలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. రెండు జతలతో ఆరు రోజుల ఇస్త్రీ ఆదివారమే చేసి పెట్టుకోవడం ఎట్లా? వీడియో అక్కకే తెలియాలి.

మరి ఇస్త్రీ ఎప్పుడు చేయాలి అనేది ఒక ప్రశ్న. ఎవరు చేయాలి అనేది రెండోది. మొదటిదాని గురించి టిప్స్ బోలెడు. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే అది దానంతటదే అమ్మ మీదికి పోతుందని అందరికీ తెలుసు కాబట్టి!

అమ్మకు ఉద్యోగం లేకపోతే సరే, టైముంది కదా అంటారు. అమ్మ నర్సో, టీచరో, లక్ష్మీనగర్‌లో ఏ బట్టల షాపులోనో పని చేస్తోందనుకోండి. కారుణ్య నియామకం కింద సింగరేణిలోనే చేరిందనుకోండి. అప్పుడు కూడా పెట్టె ఆమెదే. దేశంలో ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్కగట్టే టైమ్ యూజ్ సర్వేను 2019లో ఒకసారి, 2024లో మరోసారి చేశారు. మొదటి సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్లయితే 97 నిమిషాలని తేలింది. రెండోదాంట్లో ఆడవాళ్లవి 289కి తగ్గాయి. ఆ పది నిమిషాలు మగవాళ్లు పంచుకున్నారేమో అనుకునేరు. వాళ్లవి 88కి దిగాయి! అది కూడా ఇంటి పని అసలంటూ ముట్టుకునే మగవాళ్ల సగటు. ముట్టుకోని మహానుభావులు ఆ లెక్కలోకే రారు.

బయట మాత్రం లోకం కాస్త కదిలింది. భూగర్భ గనుల్లో ఆడవాళ్లను పనికి పెట్టుకోకూడదని 1952 గనుల చట్టం చెప్పింది. 2019లో కేంద్రం ఆ నియమాన్ని కొన్ని షరతులతో సడలించింది. పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపు సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి పనుల్లో వాళ్లూ బాయిలోకి దిగొచ్చని అప్పుడు చెప్పింది. ఓపెన్‌కాస్టుల్లో రాత్రి డ్యూటీకీ దారి తెరుచుకుంది. 67 ఏళ్లు పట్టింది దానికి. ఇస్త్రీ పెట్టె చేతులు మారడానికి ఇంకెన్నేళ్లో!

అన్నట్టు, ఇస్త్రీలోనే 'స్త్రీ' ఉంది కదా అని జోకులేసే బాబాయి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ రెండు మాటలకూ చుట్టరికమే లేదు. పోర్చుగీసు భాషలో సాగదీయడాన్ని 'ఎస్తిరార్' అంటారు, మన ఇస్త్రీ అక్కడి నుంచే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఈసారి బాబాయికి చెప్పండి.

మానేస్తే పోలా?

పోదు. ఎందుకో చెబుతాను.

2024 మేలో 'రింకిల్స్ అచ్ఛే హై' అని ఒక ప్రచారం వార్తల్లోకొచ్చింది. సోమవారాలు ఇస్త్రీ లేని బట్టలతో ఆఫీసుకు రండి, కరెంటు ఆదా చేయండి అని. సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో మొదలైంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఆ సంస్థవే. మంచి ఆలోచనే, కాదనను. కానీ ఒక సైంటిస్టు ముడతల చొక్కాతో వస్తే దాన్ని పర్యావరణ స్పృహ అంటారు. ఓ కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ ముడతల యూనిఫాంతో బడికి పోతే "ఇంట్లో ఎవరూ పట్టించుకోరా?" అంటారు. ముడత ఒకటే, చూసే చూపు వేరు.

'ఇస్త్రీ మడత నలగని ఉద్యోగం' అని తెలుగులో ఒక మాటుంది. నీడ పట్టున కూర్చుని చేసే కొలువు అని అర్థం. ఆ మాట బరువు బొగ్గు ఊళ్లలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తాతల కాలం నుంచి ఇక్కడి ఇళ్లలో ఒకటే ఆశ. నేను మసిలో పని చేసినా నా పిల్లల అంగీ తెల్లగా, మడత నలగకుండా ఉండాలని. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లోంచి బొగ్గు పోని మనిషికి, కొడుకు కాలర్ నిటారుగా కనిపించడం చిన్న విషయమేమీ కాదు. కాబట్టి ఇస్త్రీ మానేయమని సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. మానేయొద్దు. కానీ అన్నింటికీ చేయొద్దు.

స్కూలు అంగీలు, మడతల స్కర్టు, డ్యూటీకి కట్టుకెళ్లే కాటన్ చీర లేదా చొక్కా. అంతే. దుప్పట్లు, తువ్వాళ్లు, నైటీలు, జీన్స్, టీషర్టులు, లెగ్గింగ్స్ కుప్పలోంచి తీసేయండి. బాయిలోకి వేసుకునే బట్టల సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ ముడతలు చూసేదెవరు? ఇలా ఏరేస్తే నలుగురున్న ఇంట్లో రోజుకు మిగిలేది రెండు మూడు జతలు. పది పదిహేను నిమిషాల పని.

సగం ఇస్త్రీ దండెం మీదే

నూలు పోగుల్లోని అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. నీళ్లు తగిలితే ఆ పట్టు సడలుతుంది. ఆరేటప్పుడు బట్ట ఏ తీరుగా ఉంటే ఆ తీరుగానే మళ్లీ బిగుసుకుంటుంది. ఇస్త్రీ పెట్టె చేసే పని కూడా ఇదే, వేడితో, బరువుతో. అంటే పిండిన బట్టను ముద్దలాగే దండెం మీద పడేస్తే రేపటి పని మనమే పెంచుకున్నట్టు. రెండుసార్లు గట్టిగా దులిపి, కాలర్, గుండీల పట్టీ, కుట్లు చేత్తో లాగి సాపు చేసి, హ్యాంగర్‌కే తగిలించి ఆరేస్తే చాలా ముడతలు అక్కడే పోతాయి. స్కర్టు మడతలకు బట్టల క్లిప్పులు పెట్టి ఆరేయండి. ఆ స్కర్టు ఒక్కటే రెండు అంగీల టైము తినేస్తుంది కాబట్టి ఈ ఒక్క చిట్కా మాత్రం వదలొద్దు.

రామగుండం ఎండ సంగతి తెలిసిందే. ఏప్రిల్‌లో బట్టలు ఆరడం కాదు, అప్పడాలైపోతాయి. బాగా ఎండిన కాటన్ మొండిది, పెట్టెకు లొంగదు. కొంచెం చెమ్మ ఉండగానే తీసేయండి. కుదరకపోతే నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి పది నిమిషాలు పక్కన పెట్టండి.

ఓపెన్‌కాస్ట్ దగ్గరి కాలనీల్లో ఉన్నవాళ్లకు ఇంకో బాధ, దుమ్ము. తెల్లబట్టలు లోపలి వైపు బయటికి తిప్పి ఆరేయండి, తీయగానే బాగా దులపండి. దుమ్ము మీదే పెట్టె తిప్పితే అది బట్టలోకి దిగిపోతుంది. తడి చేత్తో తుడిచారో, గీత పడుతుంది.

పెట్టె మీద చుక్కలు చూసే ఉంటారు. ఒక చుక్కంటే దాదాపు 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. నైలాన్, పాలిస్టర్‌తో మొదలుపెట్టి కాటన్‌తో ముగించండి. పెట్టె వేడెక్కడం నిమిషాల పని, చల్లారడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. చివర్లో ప్లగ్ తీసేశాక మిగిలిన వేడితో రుమాళ్లు, రిబ్బన్లు అయిపోతాయి.

ఈ వారం పెట్టె ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతి. వారాన్ని బట్టి కాదు, షిఫ్టును బట్టి ఇస్త్రీ పెట్టుకోండి. ఆ వారం పగలు ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటే పెట్టె వాళ్లది.

నాన్నది రెండో షిఫ్టు అనుకుందాం. అమ్మ పొద్దున్నే డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లిపోయాక మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండేది ఆయనే. నిన్న ఉతికినవి ఆరి ఉంటాయి, ఇల్లు ఖాళీగా ఉంటుంది, కాళ్లకు అడ్డం పడే చిన్నపిల్లలుండరు. మొత్తం నెలలో ఇస్త్రీకి ఇంతకన్నా మంచి టైము లేదు. అయినా చాలా ఇళ్లలో ఆ బట్టల కుప్ప అమ్మ సాయంత్రం తిరిగొచ్చేదాకా కుర్చీ మీదే ఎదురుచూస్తుంటుంది! చేతకాదు అనే సాకు కూడా చెల్లదు. టన్నుల బరువున్న యంత్రాలు నడిపే చేతికి కిలో పెట్టె నడపడం ఎంతసేపు? కాలర్ వెనక వైపు, అంచుల నుంచి మధ్యకు. తర్వాత భుజాలు, చేతులు, చివరికి ముందు వెనక భాగాలు. పెద్ద విద్యేం కాదు.

మొదటి షిఫ్టు వారం పొద్దున ఎవరికీ ఊపిరాడదు. అప్పుడు సాయంత్రం, రేపటికీ ఎల్లుండికీ మాత్రమే. పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే పక్కన నిలబెట్టుకుని నేర్పండి. ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికీ. రేపు హైదరాబాద్ హాస్టల్లో వాడి అంగీ ఎవరు చేస్తారు?

రాత్రి షిఫ్టు వారం మాత్రం డ్యూటీ దిగినవాళ్లు పెట్టె ముట్టుకోవద్దు. తెల్లారి 7కి బయటికొచ్చిన మనిషికి కావాల్సింది చీకటి గది, నిద్ర. కళ్లు మూసుకుపోతుంటే కాలేది బట్టో, చెయ్యో చెప్పలేం. భర్త రాత్రి డ్యూటీ, భార్య పగలు డ్యూటీ అయితే ఆ వారం మూట కట్టి ఇస్త్రీ బండికి పంపేయండి. మూడు వారాలకు ఒక వారమే కాబట్టి ఖర్చూ భరించగలిగినంతే. దీనికి అమ్మ మొహమాటపడాల్సిన పనేం లేదు.

ఎవరు చేసినా, మంచం మీద వంగి చేయకండి. ఎనిమిది గంటలు డ్యూటీ చేసిన నడుమది. నడుం ఎత్తు బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలేస్తే చాలు. కూలర్ నడుస్తున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టె కూడా తగిలించొద్దు. గోడ ప్లగ్ వాడండి. ఇన్వర్టర్ మీదైతే అసలు వద్దు.

కరెంటు ఖర్చంటారా? వెయ్యి వాట్ల పెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్. రోజుకు ఇరవై నిమిషాలైతే నెలకు పది యూనిట్లు మించదు. ఒక యూనిట్ పుట్టాలంటే థర్మల్ కేంద్రంలో ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది. అంటే మన నెల ఇస్త్రీకి ఏడెనిమిది కిలోల బొగ్గన్నమాట. నాన్న తీసిన బొగ్గు 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ చుట్టూ తిరిగి, ప్లగ్గులోంచి మళ్లీ మన ఇంటికే వచ్చి ముడతలు తీస్తోంది.

తమాషా ఏంటంటే, అదే బొగ్గును నేరుగా ఇస్త్రీ పెట్టెలో వేయలేం. బండి మీద ఎర్రగా కణకణలాడేది కట్టెబొగ్గు. మన రాతిబొగ్గు రాజుకోవడానికి గాలి బాగా కావాలి, పొగ ఎక్కువ, గంధకం వాసన. తెల్లంగీ మీద పెడితే అంతే సంగతులు. కరెంటు పెట్టెకు మారిన లాండ్రీలూ చాలా ఉన్నాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి రజకుల లాండ్రీలకు, ధోబీ ఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం రాష్ట్రంలో మొదలైంది. బరువైన పెట్టె పట్టుకుని నిప్పుల సెగలో రోజంతా నిలబడే పని అది. కాబట్టి రాత్రి పదింటికి మూట తెచ్చి పొద్దున ఆరింటికల్లా కావాలనొద్దు. ఒక రోజు ముందే ఇవ్వండి.

ఇచ్చేముందు అంగీ కాలర్ లోపల పిల్లల పేరు, తరగతి చెరగని మార్కర్‌తో రాయండి. వెనకటికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవాళ్లు, ఎన్ని ఉతుకులకైనా పోయేది కాదు. ఇప్పుడు కాలనీ మొత్తం ఒకే బడి, ఒకే సైజు, ఒకే తెలుపు. గుర్తు లేకపోతే పక్కింటి పిల్లాడి అంగీ మీ ఇంటికొస్తుంది. టై, బెల్టు మాత్రం మూటలో వేయకండి. అవి లెక్కలో రావు, తర్వాత వెతికినా దొరకవు.