ఐదు నక్షత్రములు, రెండు చెవులు

గడచిన వేసవిలో మేము గోదావరిఖనిలో నొక మిత్రుని యింటికి పోయి యుంటిమి. ఆయన సింగరేణి భూగర్భగనులలో ముప్పది సంవత్సరములకు పైబడి పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. కుమారుడు ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపును. ఆనాడు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి పగటినిద్రలో నుండెను. మనుమరాలు పోటీపరీక్షకు చదువుచున్నది. వృద్ధునకు టెలివిజనులో వార్తలు కావలెను. మనుమరాలికి ఫోనులో పాఠములు కావలెను. నిద్రించువానికి నిశ్శబ్దము కావలెను. రెండు గదుల క్వార్టరులో ఈ మూడును సమకూడుటకు మార్గమొక్కటే: చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోను. గనుల ప్రాంతమున నిది విలాసవస్తువు కాదు. ఇంటిలోని శాంతికి సాధనము.

వృద్ధునకు హెడ్‌ఫోను ముందే కలదు. మనుమరాలు తనకును ఒకటి కొనదలచి, రెండు రకములను ఫోనులో ప్రక్కప్రక్కన నుంచి మమ్ము సలహా యడిగెను. కొన్నవారిచ్చిన నక్షత్రముల సరాసరి ఒకదానికి నాలుగున్నర, మఱొకదానికి నాలుగు. "ఎక్కువ చుక్కలున్నదే మంచిది కద తాతా?" అని యామె తాతగారి నడుగగా, ఆయన "అదే తీసుకో బిడ్డా, నాది గూడ అదే రకం. నేను ఐదు చుక్కలు ఇచ్చిన. మాట ఖంగుమని వినపడ్తది" అనెను. మా మిత్రుని మాటలో అసత్యము లేశమైనను లేదు. అయినను ఆ సలహా ఆ యువతికి సరిపడునది కాదని మాకు వెంటనే తోచెను. ఎందుకు సరిపడదో చదువరులకు విన్నవించుటయే మా యుద్దేశము.

మన రైతు ఎద్దును కొనవలెనన్న సంతకు పోవును. పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి మోపి చూచును. అంతటితో విడువక, పూర్వము దానిచే దున్నించిన ఆసామి యెవడో, అతని భూమి నల్లరేగడియో చెలకయో, మేత యెట్టిదో విచారించును. నల్లరేగడిలో దున్నిన ఎద్దును గూర్చిన మెప్పు చెలకకు అట్లే చెల్లదని యాతడెఱుగును. అట్టి జాగరూకుడే వేయియో రెండువేలో వెచ్చించి హెడ్‌ఫోను కొనునపుడు మాత్రము అంకె నొకదానిని చూచి తృప్తిపడుచున్నాడు. నాలుగున్నర యైన మంచిది, మూడున్నర యైన చెడ్డది. విచారణ అంతటితో ముగియుచున్నది.

కొన్నవారి మాటకు విలువ లేదని మేము చెప్పము. అమ్మువాని ప్రకటనలో ఏ వస్తువునకును లోపముండదు. కీలు విరుగుట, చెవిమెత్తల పొరలు రాలుట, బ్యాటరీ బలము తగ్గుట కొన్నవానికే తెలియును. కావున ఆ మాట వినదగినదే. కాని వినుట కొక పద్ధతి కలదు. ఎందరు చెప్పిరి? ఎట్టివారు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఏ చెవితో విని చెప్పిరి? ఈ నాలుగు ప్రశ్నలును వేయక నక్షత్రములను లెక్కించుట, తూకపురాళ్లను చూడక త్రాసును నమ్ముట వంటిది.

మొదటిది ఎందరు అను ప్రశ్న. ఒక రకమును ఎనమండుగురు కొని, ఎనమండుగురును మెచ్చుకొనిరనుకొందము, నూటికి నూరు. వేఱొకదానిని నూర్గురు కొనగా తొంబదియార్గురు మెచ్చుకొనిరనుకొందము, నూటికి 96. అంకెను మాత్రమే చూచువాడు మొదటిదానినే కోరును. ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు 18వ శతాబ్దమున చూపిన సులభోపాయ మొకటి యిచట పనికివచ్చును. ప్రతి లెక్కకును ఊహించి యొక మెప్పును, ఒక తిరస్కారమును అదనముగా చేర్చవలెను. అప్పుడు మొదటిది 10కి 9, అనగా నూటికి 90. రెండవది 102కి 97, అనగా నూటికి 95. కొలదిమంది మెప్పునకు ఎంత తఱుగు తీయవలెనో ఈ చిన్న లెక్క తెలుపుచున్నది.

రెండవది ఎట్టివారు అను ప్రశ్న. వస్తువు పరవాలేదనుకొన్నవాడు సాధారణముగా ఏమియు వ్రాయడు. పరమానందము కలిగినవాడును, కోపము వచ్చినవాడును వ్రాయుదురు. అందుచే పట్టికలో ఐదులును ఒకట్లును ఎత్తుగా నిలిచి, నడుమ పల్లముండుట సామాన్యము. ఆ పల్లములో నిలిచిన రెండు, మూడు, నాలుగు నక్షత్రములవారి మాటలే తఱచుగా మంచిచెడ్డలను రెంటిని చెప్పును. ఇక మెప్పును కొనువారు కూడ కలరు. ఐదు నక్షత్రములు వేసినచో కొంత సొమ్ము తిరిగి పంపెదమని వాగ్దానము చేయు చీటి నొకదానిని వస్తువు వచ్చిన పెట్టెలోనే మేము చూచియున్నాము. ఈ రోగము మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. మన ప్రమాణాల సంస్థయగు బి.ఐ.ఎస్. 2022 నవంబరులో వినియోగదారుల సమీక్షలను సేకరించి ప్రకటించు పద్ధతినిగూర్చి ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించెను. అది స్వచ్ఛందముగా పాటింపవలసినదిగా వచ్చినది. అమెరికాలో కల్పితసమీక్షల విక్రయమును నిషేధించు నిబంధన 2024 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. నిబంధనలు మంచివే, కాని అవి కొనువాని వివేకమునకు బదులు కానేరవు.

మూడవది ఎప్పుడు అను ప్రశ్న. పెట్టె విప్పిన సాయంకాలముననే వ్రాసిన ప్రశంస పెండ్లినాటి ప్రశంస వంటిది. హెడ్‌ఫోను గుణము ఆరునెలలకు గాని తెలియదు. మే నెల యెండలో చెమటకు చెవిమెత్త యెట్లుండెను, మడతకీలు నిలిచెనా, పూచీ కాలములో మరమ్మతు చేసి యిచ్చిరా అను సంగతులు ఆలస్యముగా వ్రాసినవారియందే దొరకును.

ఈ మా సందేహము వట్టి యూహ కాదు. 2016లో అమెరికా పరిశోధకులు 120 తరగతులకు చెందిన 1,272 వస్తువులను తీసికొని, కొన్నవారి నక్షత్రములను నిష్పాక్షికముగా పరీక్షించు సంస్థవారి ఫలితములతో పోల్చిరి. రెంటికిని పొందిక అత్యల్పముగా నుండెను. వెలయెక్కువ యైన వస్తువులకును, పేరుపడిన వానికిని నక్షత్రములు ఎక్కువగా పడుచుండెను. మఱుసటి సంవత్సరము, అనగా 2017లో, బ్రేబార్ట్ అను శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోనులను కొలిచి, వాని ధరకును, హెచ్చుతగ్గు స్థాయిల స్వరములను అవి పలికించు తీరునకును సంబంధము కానరాలేదని ప్రకటించెను. కావున వెల చూచి నక్షత్రము వేయువాడొకడు, ఆ నక్షత్రము చూచి వెల యిచ్చువాడొకడు. వస్తువు గుణము మాత్రము ఇరువురకును తెలియకయే పోవచ్చును.

ఇక నాలుగవది, మాకు ముఖ్యముగా తోచునది, ఏ చెవితో విని చెప్పిరి అను ప్రశ్న. ఇల్లందు వద్ద 1889లో బొగ్గుతవ్వకము మొదలైననాడు ఆ పని చేతులతో జరిగెను. తట్టయు చెమ్మసును పట్టిన కార్మికుల కాలము క్రమముగా గడచి, డ్రిల్లింగు యంత్రములును, బొగ్గెత్తు యంత్రములును, ఓపెన్‌కాస్టులలో మహాకాయములగు డంపరులును వచ్చినవి. వానితో మ్రోత వచ్చినది. మన గనుల భద్రతాధికారులు 85 డెసిబెల్లుల వద్ద హెచ్చరికయు, 90 వద్ద అపాయమును తెలుపు హద్దులను నిర్ణయించియున్నారు. ధ్వనిచే కలుగు శ్రవణలోపము పనివారి నష్టపరిహారపు చట్టమున వృత్తివ్యాధుల పట్టికలో చేర్చబడినది. ఈ లోపము దొంగవలె వచ్చును. లోపలి చెవిలో సుమారు పదునైదువేల సూక్ష్మకణములు ధ్వనిని గ్రహించును. చెడినవి తిరిగి మొలవవు. మొదట పోవునది హెచ్చుస్థాయి ధ్వనులను వినుశక్తి. అచ్చుల గంభీరధ్వని వినబడుచునే యుండును. స, శ, త, క వంటి హల్లులు జాఱిపోవును. "మాట వినబడుచున్నది గాని తెలియుట లేదు" అని వృద్ధులు చెప్పు మాటకు మూలమిదియే.

మా మిత్రుని చెవి యిట్టిదే. ఆయన హెడ్‌ఫోనును మేము పెట్టుకొని చూడగా, దానిలో హెచ్చుస్వరములు సూదులవలె పొడుచుచుండెను. ధ్వని చివరిమెట్టునకు చేర్చబడి యుండెను. ఆ కఠినధ్వనియే ఆయనకు పోయిన హల్లులను కొంతవఱకు తిరిగి తెచ్చుచున్నది. కనుక ఆయన ఐదు నక్షత్రములును న్యాయమైనవే. కాని అవి ముప్పదేండ్లు గనిలో అరిగిన చెవి వేసిన నక్షత్రములు. అవి సరాసరిలో కలిసిపోగా, ఆ చెవి కథ యెవరికిని కనబడలేదు. మంచిచెవులు గల మనుమరాలు అదే అంకెను చూచి, అదే వస్తువును, అదే మ్రోతతో వినబోవుచుండెను. తాత గనిలో పోగొట్టుకొన్నదానిని మనుమరాలు చదువుబల్లవద్ద పోగొట్టుకొనుట యెంత విచారకరము!

ఇది భయపెట్టుటకు చెప్పిన మాట కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు విధించిన హద్దు వారమునకు 40 గంటలు, 80 డెసిబెల్లులు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్లులకును కాలము సగమగుచు వచ్చును: 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 90 వద్ద వారమునకు నాలుగు గంటలే. దినమునకు ఆరేడు గంటలు పాఠములు వినువారు ఈ లెక్కను గోడపై వ్రాసికొనదగును. ఫోనులోని ధ్వనిని నూటికి అఱువది పాళ్లకు మించనీయవద్దని ఆ సంస్థవారే చెప్పుచున్నారు.

వెలుపలి మ్రోతయే మనలను ధ్వని పెంచునట్లు ప్రేరేపించును. కూలరు హోరు, లారీల రొద వినబడకున్నచో తక్కువధ్వనియే చాలును. ఇందుకై యేర్పడినదే రణగొణ తగ్గించు హెడ్‌ఫోను. చిన్న మైక్రోఫోనుతో వెలుపలి ధ్వనితరంగమును పట్టి, దానికి ఎదురుతరంగమును పుట్టించి, రెంటిని పరస్పరము అణచివేయుట దాని తంత్రము. దీనిని లోకప్రసిద్ధము చేసినవాడు అమర గోపాల బోసు. బ్రిటిషువారి చెఱను తప్పించుకొని 1920లో అమెరికా చేరిన వంగదేశపు స్వాతంత్ర్యయోధుడు నోనీగోపాల బోసు కుమారుడాయన. 1978లో జూరిచ్‌నుండి వచ్చుచు విమానపు హోరులో పాట వినలేక విసిగి, ఆ ప్రయాణములోనే లెక్కలు వేసికొనెనట. 1989లో విమానచోదకులకును, 2000లో సామాన్యప్రయాణికులకును ఆయన సంస్థ అట్టి సాధనములను విక్రయించెను. అయితే ఈ తంత్రము ఎడతెగని మంద్రధ్వనిని అణచును గాని, హఠాత్తుగా వచ్చు పేలుడును, మనుష్యుల మాటలను అంతగా అణచలేదు. గనిలో ఇచ్చు చెవిరక్షకములకు ఇది బదులుగాదు. రాజీవ్ రహదారిపై టిప్పరుల నడుమ దీనిని పెట్టుకొని నడచుట ప్రాణాపాయము.

మేమా యువతికి చెప్పినది చాల స్వల్పము. నక్షత్రముల సరాసరిని కొంతసేపు మఱచి, తనవలె గంటలకొలది పాఠములు విన్నవారు, ఆరునెలలు వాడినవారు, నడిమి నక్షత్రములు వేసినవారు వ్రాసినది చదువుమంటిమి. పిమ్మట దుకాణమునకు పోయి రెంటిని పావుగంటసేపు ధరించి, పరిచితమైన గొంతు నొకదానిని తక్కువధ్వనిలో విని చూడుమంటిమి. ఆమె లక్ష్మీనగరములోని దుకాణమునకు పోయి, అట్లే చేసి, నాలుగు నక్షత్రములదానినే తెచ్చుకొనెను. అది బరువు తక్కువది. కూలరు హోరును మ్రింగును. సగము ధ్వనికే పాఠము స్పష్టముగా నున్నది. నాలుగున్నర నక్షత్రములది చెడ్డ వస్తువని మేమనము. అది వేఱొక చెవికి తగినది.

మా మిత్రుడు తరువాత చెవులను వైద్యునకు చూపించుకొనెను. లోపము రెండు చెవులకును కలదని తేలినది. వినికిడియంత్రము వాడుమని సలహా లభించినది. ఇంటికి వచ్చి ఆయన చేసిన మొదటిపని మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. తాను లోగడ వేసిన ఐదు నక్షత్రములను తీసివేయలేదు, వానిక్రింద మనుమరాలిచేత ఈ మాటలు వ్రాయించెను: "నేను ముప్పై ఏండ్లు బాయిల పని చేసిన. నాకు చెవి తక్కువ. నాకైతే ఇది మంచిగున్నది."

వస్తువును కొని నక్షత్రములు వేయు ప్రతివారును ఇట్టి వాక్యము నొకదానిని చేర్చుదురు గాక! ఆ నక్షత్రములను చూచి కొనువారు అట్టి వాక్యము కొఱకు వెదకుదురు గాక! అట్లయిన నాడు కొన్నవారి మాట కొనబోవువారికి నిజముగా దారి చూపగలదు.