సముద్రం ముందుకొస్తోందా.. నేల వెనక్కిపోతోందా?
డెల్టా తీరంపై చర్చలో వినిపించని విశ్వవిద్యాలయాల గొంతు

నాగాయలంక: కృష్ణా, గోదావరి డెల్టాల తీరగ్రామాల్లో కడలి కోత పెట్టినప్పుడల్లా ఒకే మాట వినవస్తుంది. వాతావరణ మార్పు వల్ల సముద్రమట్టం పెరుగుతోందని, మన చేతిలో ఏమీ లేదని అధికారులూ అంటారు, నాయకులూ అంటారు. ఇందులో సత్యమెంత, సాకు ఎంత అన్నది తేల్చవలసింది కొలతలు. ఆ కొలతలను విశ్వవిద్యాలయం ఏనాడో తీసింది. అవి తీరవాసులకు చేరకపోవడమే విచారకరం.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.నాగేశ్వరరావు బృందం 2008లో ఒక అంతర్జాతీయ పత్రికలో అధ్యయనాన్ని ప్రచురించింది. నేల స్వరూపం, తీరం వాలు, తీరరేఖలో మార్పులు, పోటు స్థాయి, అలల ఎత్తు అనే ఐదు అంశాల ఆధారంగా 1,030 కిలోమీటర్ల కోస్తాను ముప్పు తీవ్రతను బట్టి విభజించారు. సముద్రమట్టం సుమారు 0.6 మీటర్లు పెరిగితే 43 శాతం తీరం అత్యధిక ముప్పునకు, మరో 35 శాతం అధిక ముప్పునకు లోనవుతుందని తేల్చారు. 2 మీటర్లలోపు ఎత్తున ఉన్న 282 గ్రామాల్లోని 12.9 లక్షల మందికి పైగా నిర్వాసితులు కాగలరని అంచనా వేశారు.

ఇంతవరకు అందరూ ఒప్పుకొనేదే. అసలు చిక్కు ఆ తరువాత వచ్చిన లెక్కలతోనే.

ఒండ్రు ఆగిన ఫలితం

డెల్టా అంటే నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని ఏర్పడిన నేల. అది తన బరువుకు తానే ఏటా కొద్దికొద్దిగా కుంగుతుంది. అంచున అలలు కోస్తూనే ఉంటాయి. వరదతో కొత్త ఒండ్రు వచ్చినంత కాలం ఆ లోటు పూడుతుంది, పైగా నేల సముద్రంలోకి పెరుగుతుంది కూడా. ఒండ్రు రాకపోతే సముద్రమట్టం అంగుళం పెరగకున్నా తీరం వెనక్కి జరుగుతుంది.

ఇదే బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1965 నుంచి 2008 వరకు 336 కిలోమీటర్ల జంట డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయింది. ఎకరాల్లో చెప్పాలంటే దాదాపు 19 వేలు. 1951-59 నడుమ కృష్ణ నుంచి డెల్టాకు ఏటా సగటున 2,185 టీఎంసీల వరకు నీరు రాగా 2000-08 నాటికి అది 417 టీఎంసీలకు పడిపోయింది. నీటిలో తేలివచ్చే ఒండ్రు 90 లక్షల టన్నుల నుంచి 4 లక్షల టన్నులకు తగ్గింది. గోదావరిలో నీరు పెద్దగా తగ్గలేదు గానీ ఒండ్రు 15 కోట్ల టన్నుల నుంచి 5.7 కోట్ల టన్నులకు దిగింది. మిగిలినదంతా ఎగువ జలాశయాల్లో ఆగిపోయింది.

జలాశయాలు వద్దనే వారు ఈ ప్రాంతంలో ఎవరూ ఉండరు. ఆ నీటితోనే ఇక్కడ రెండు పూటలా అన్నం ఉడుకుతోంది. అయితే ఆనకట్ట ఖర్చులో దిగువన పోయిన నేలను కూడా కలపాలా వద్దా అన్నది విధాన నిర్ణయం. కోతకు వాతావరణ మార్పు ఒక్కటే కారణమంటే ఆ ప్రశ్న రానే రాదు. దూరాన ఉన్న కారణానికి ఇక్కడ ఎవరూ జవాబుదారీ కారు. పోలవరం పూర్తయ్యాక మరెంత ఒండ్రు ఆగుతుందన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. వాతావరణ చర్చలో ముప్పును గూర్చి హెచ్చరించడంతో పాటు ఏది వాతావరణ మార్పు వల్ల, ఏది మన చేతల వల్ల అని వేరు చేసి చెప్పవలసిన వారు ఆచార్యులే. ఉప్పాడ వద్ద అలలను ఆపేందుకు వేసిన జియోట్యూబ్ గోడ ఆ అలలకే దెబ్బతింది. రోగం తేలకముందే వేసిన మందు అది.

గడప దాటని విజ్ఞానం

అయినా ఆచార్యులు సభలకు ఎందుకు రారు? పదోన్నతికి ఆంగ్ల పత్రికల్లోని పరిశోధన వ్యాసాలకు ఉన్న విలువ గ్రామసభలో తెలుగులో చెప్పిన మాటకు లేదు. నిధులిచ్చే ప్రభుత్వానికి రుచించని మాట పలకడానికి వెనుకంజ వేయడమూ మానవ సహజమే. కోనసీమలో చమురు, సహజవాయువు వెలికితీత వల్ల నేల కుంగుతోందని గ్రామస్థులు చాలాకాలంగా ఆరోపిస్తున్నారు. సంస్థ కొలిస్తే జనం నమ్మరు, జనం చెబితే సంస్థ ఒప్పుకోదు. ఇరుపక్షాలకూ ఆమోదయోగ్యమైన కొలబద్ద విశ్వవిద్యాలయం దగ్గరే ఉండాలి. కాగా ఆ సంస్థల నుంచే పరిశోధన సొమ్ము తీసుకుంటే ఆ నమ్మకమూ పోతుంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఉన్నాయి. వరికి తెగులు సోకితే రైతు వెళ్లి తట్టడానికి ఒక తలుపుంది. గట్టు కొట్టుకుపోయిన మత్స్యకారుడికి అలాంటి తలుపు లేదు.

సీఆర్‌జడ్‌గా వ్యవహరించే తీరప్రాంత నిబంధనలను 2019లో కేంద్రం సవరించింది. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161కి మించిన గ్రామీణ తీరంలో నిర్మాణాలు నిషిద్ధమైన మేరను పోటురేఖ నుంచి 200 మీటర్లకు బదులు 50 మీటర్లకు కుదించింది. ఆ పోటురేఖను గుర్తించే జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. వెనక్కి జరుగుతున్న తీరంలో నేటి 50 మీటర్లు పదేళ్లకు ఎన్ని మీటర్లవుతాయో చెప్పగల లెక్కలు విశాఖలో ఉన్నాయి. తీర నిర్వహణ ప్రణాళిక ముసాయిదా పటాలపై జిల్లా స్థాయిలో అభ్యంతరాలు తెలిపే అవకాశం ప్రజలకు నిబంధనల్లోనే ఉంది. ఆ విచారణకు వెళ్లే వారు తమ ఊరి తీరరేఖ గత 40 ఏళ్లలో ఎంత జరిగిందో తెలుగులో చూపమని అడగవచ్చు. దానికి బదులు చెప్పడానికి ఆచార్యులను కూడా పిలవమని కలెక్టరును కోరవచ్చు.