తడిస్తే కొత్తది, ఆరితే పాతది!
మోటారు హోమ్ రంగు చెప్పే భౌతికశాస్త్రం

బస్సంత బండి. లోపల మంచాలు, వంటగది, స్నానాలగది, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. ఇల్లునే వెంటబెట్టుకొని ఊళ్లు తిరగడానికి పనికివచ్చే ఈ వాహనాన్ని మోటారు హోమ్ అంటారు. అమెరికాలో, ఐరోపాలో ఇవి చాలా ఎక్కువ. మన దేశంలో వీటికి కారవాన్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని కూడా ప్రకటించింది.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. చలికాలం వస్తే చాలు, ఉత్తరాది చలిని తప్పించుకోవడానికి వేలాది మోటారు హోమ్‌లు అక్కడికి చేరతాయి. కారునైతే షెడ్డులో పెట్టుకోవచ్చు. మూడు మీటర్ల ఎత్తు, తొమ్మిది పది మీటర్ల పొడవు ఉన్న బండికి మామూలు షెడ్డు చాలదు. కాబట్టి అది ఏడాది పొడుగునా ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. కొన్నేళ్లకు ఒంటిమీది నిగారింపు పోయి, బూడిద పూసినట్లు కనిపిస్తుంది.

యజమాని బండి కడుగుతాడు. నీళ్లు పోసినంతసేపూ అది కొత్త బండిలా మెరుస్తుంది. ఆరగానే మళ్లీ మునుపటి మాదిరే! ఇందులో చిక్కు ఎక్కడుందో ఆలోచించండి. మురికే కారణమైతే, కడిగి ఆరబెట్టిన తర్వాత కూడా మెరవాలి. రంగే పోయి ఉంటే, తడిపినప్పుడైనా రాకూడదు. మరి మెరుపు ఎక్కడికి పోయింది? నీళ్లు దాన్ని ఎక్కడినుంచి తెచ్చాయి?

మెరుపు అంటే ఏమిటి?

రంగు వేసిన తలంమీద కాంతి పడినప్పుడు రెండు పనులు జరుగుతాయి. తిన్నగా పడిన కాంతిలో సుమారు 4 శాతం పైతలం నుంచే వెనక్కి పరావర్తనం చెందుతుంది. మిగిలినది లోపలికి పోయి, రంగుపొడి రేణువులను తాకి, వాటి రంగును మోసుకొని బయటికి వస్తుంది.

పైతలం నున్నగా ఉంటే ఆ 4 శాతం కాంతి అద్దంలో లాగా ఒకే దిక్కుకు పోతుంది. ఆ దిక్కున నిలబడి చూస్తే ఆకాశం, చెట్లు, మన ముఖం అందులో కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే చిక్కని రంగు ఒక్కటే కనిపిస్తుంది. తలం గరుకుగా ఉంటే అదే 4 శాతం అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఎటునుంచి చూసినా లోపలి రంగుతో పాటు ఈ తెల్లకాంతి కూడా కంటికి చేరుతుంది. నలుపు బూడిదరంగులోకి, ఎరుపు గులాబీరంగులోకి దిగిపోయినట్లు అనిపించడానికి కారణం ఇదే. రంగు ఎక్కడికీ పోలేదు. దానిమీద చెదిరిన కాంతి తెరలా కప్పుకుంది.

ఎంత నున్నగా ఉంటే మెరుపు అంటాం? దీనికి బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ పేరుతో ఒక కొలత ఉంది. తలంమీది ఎత్తుపల్లాలు కాంతి తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకు లోబడి ఉంటే కాంతి దృష్టిలో ఆ తలం నున్ననిదే. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు. అందులో ఎనిమిదో వంతు దాదాపు 70 నానోమీటర్లు. అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు!

ఇక నీటి సంగతి. రంగుపూత వక్రీభవన గుణకం సుమారు 1.5, గాలిది 1, నీటిది 1.33. నీరు గరుకు గుంటలను నింపినప్పుడు పూతకు పక్కనున్నది గాలి కాదు, నీరు. రెండింటి గుణకాలు దగ్గరగా ఉండటంవల్ల ఆ గరుకు హద్దు దగ్గర చెదిరే కాంతి 4 శాతం నుంచి 0.4 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. నీటి పైతలం ఎలాగూ నున్నగానే ఉంటుంది. తెర తొలగిపోతుంది, అసలు రంగు బయటపడుతుంది. నీరు ఆవిరైతే గుంటల్లోకి మళ్లీ గాలి వచ్చి చేరుతుంది.

కాబట్టి తడిపి చూడటమే మొదటి పరీక్ష. తడిస్తే మెరిసే బండికి జబ్బు పైపైనే ఉంది. తడిపినా మెరవనిదానికి జబ్బు లోతున ఉంది.

ఇంట్లో చేసి చూడండి

స్టీలు పళ్లేన్ని ఒకే ఒక్క బల్బు కింద పట్టుకోండి. బల్బు ప్రతిబింబం చుట్టూ సాలెగూడులాంటి సన్నని వలయాలు కనిపిస్తాయి. పళ్లేన్ని కదిలిస్తే వలయాలూ బల్బు వెంటే కదులుతాయి! నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. కాంతి వచ్చే దారికి అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే దాన్ని మన కంటివైపు తిప్పుతాయి కాబట్టి అవే కనిపిస్తాయి. ఇసుక అంటిన గుడ్డతో కడిగిన బండిమీద ఎండలో కనిపించే వలయాలు కూడా ఇవే.

మరొకటి. నోటుపుస్తకం కాగితాన్ని కంటి ఎత్తున పడుకోబెట్టి, దూరంగా ఉన్న దీపంవైపు కాగితం అంచు వెంబడి చూడండి. మెరుపు లేని కాగితం కూడా మెరుస్తుంది. ఏటవాలుగా వచ్చే కాంతికి గరుకుతనం తగ్గినట్లే లెక్క. బండి రంగును పరీక్షించేవాళ్లు పక్కనుంచి కాక ఎదురుగా నిలబడి చూడాలనడానికి కారణం ఇదే.

గరుకు ఎలా వస్తుంది?

ఈనాటి వాహనాల రేకుమీద మొదట ప్రైమర్, దానిపైన రంగు, అన్నింటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని వార్నిషు పొర ఉంటాయి. క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చాలా మోటారు హోమ్‌ల గోడలు రేకువి కావు, ఫైబర్‌గ్లాసువి. వాటిమీద జెల్ కోట్ అనే పాలిస్టరు పూత సుమారు అర మిల్లీమీటరు మందాన ఉంటుంది.

ఈ పూతలన్నీ పొడవాటి కర్బన గొలుసులున్న పాలిమర్లు. కర్బన పరమాణువుల మధ్య ఒంటి బంధాన్ని తెంచడానికి ఒక మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. 300 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి మోసుకొచ్చే శక్తి మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్లు. అంటే ఎండలోని ఈ కిరణాలకు గొలుసులు తెంచే సత్తా ఉంది. తెగిన చోట ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. గొలుసులు ముక్కలై, పూత పెళుసెక్కుతుంది. తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్ కూడా అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు పక్కనున్న పాలిమర్‌ను దెబ్బతీయగలదు. అందుకే రంగు తయారుచేసేవాళ్లు ఆ రేణువులకు సిలికా, అల్యూమినాల తొడుగు వేస్తారు. పాత జెల్ కోట్‌ను నల్లగుడ్డతో తుడిస్తే సుద్దలా తెల్లపొడి అంటుతుంది. అది అంటుకొని ఉండే బలం పోయిన రంగుపొడే.

వీటికి తోడు పక్షుల రెట్టలు పూతను తినేస్తాయి. బోరునీళ్ల చుక్కలు ఆరిపోతూ కాల్షియం లవణాల తెల్లమచ్చలు వదులుతాయి.

పాలిష్: తీసివేసే పని

పాలిష్ చేయడమంటే ఏదో పూయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉన్నదాన్ని అరగదీయడం. ఇసుకతోనో, మరో మెత్తటి పొడితోనో గాజును రుద్దితే గీతలు పూర్తిగా పోవనీ, కంటికి కనపడనంత చిన్నవవుతాయనీ న్యూటన్ తన 'ఆప్టిక్స్' గ్రంథంలో 1704లోనే వివరించాడు. నేటి రబ్బింగ్ కాంపౌండు చేసేదీ అదే. అందులో అల్యూమినియం ఆక్సైడ్ వంటి గట్టి పొడి ఉంటుంది. ముందు కొంచెం ముతకది, తర్వాత సన్ననిది, చివరికి మరీ సన్ననిది వాడతారు. ప్రతి దశా అంతకు ముందు దశ గీసిన గీతలను చెరిపి, తన చిన్న గీతలను మిగులుస్తుంది. ఆ గీతలు కాంతి కొలతకు అందనంత చిన్నవైనప్పుడు మెరుపు పుడుతుంది.

అయితే ఈ మెరుపు ఊరికే రాదు. ఒక లెక్క వేద్దాం. తొమ్మిది మీటర్ల పొడవు, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న రెండు పక్కగోడలు, ముందు వెనక భాగాలు కలిపితే సుమారు 60 చదరపు మీటర్లు. 40 మైక్రాన్ల క్లియర్ కోట్ అయితే మొత్తం 2.4 లీటర్లు. అంత పెద్ద బండి అందమంతా రెండున్నర లీటర్ల లోపు వార్నిషులో ఉందన్నమాట! ఒకసారి పాలిష్ చేసి 2 మైక్రాన్లు అరగదీశామనుకోండి. అది 120 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు. అలా ఇరవైసార్లు చేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కుదరదు. క్లియర్ కోట్‌లో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలను కలుపుతారు. పొర పలచనైన కొద్దీ ఆ రక్షణ కూడా తగ్గుతుంది, కిరణాలు కింది రంగుదాకా చేరతాయి. అప్పుడు పూత పెచ్చులుగా ఊడుతుంది. ఆ దశకు చేరిన బండికి పాలిష్ పనిచేయదు, మళ్లీ రంగు వేయించవలసిందే.

అంచుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. రంగు ద్రవంగా ఉన్నప్పుడు తలతన్యత దాన్ని పదునైన అంచులనుంచి వెనక్కి లాగుతుంది. అందుకే తలుపుల అంచుల్లో, మడతల్లో పూత పలచగా ఉంటుంది. యంత్రంతో పాలిష్ చేసేటప్పుడు మొదట అరిగిపోయేది అక్కడే.

మైనం: పూసే పని

మైనం తీసివేయదు, కలుపుతుంది. వాహనాల మైనాల్లో పేరుపొందినది కార్నాబా. ఈశాన్య బ్రెజిల్‌లో, వానలు తక్కువగా ఉండే ప్రాంతాల్లో పెరిగే ఒక చెట్టునుంచి ఇది వస్తుంది. అది మన తాటిచెట్టుకు చుట్టమే, ఆకులు కూడా విసనకర్రల్లా ఉంటాయి. ఎండకు తన ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకులమీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే మైనం పొడిగా రాలుతుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కార్నాబా కరగాలంటే 82 డిగ్రీలు దాటాలి. నడి ఎండలో ముదురురంగు రేకు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు.

మైనం చేసే పనులు రెండు. మొదటిది, పాలిష్ తర్వాత మిగిలిన చిన్న గుంటలను నింపడం. దాని వక్రీభవన గుణకం పూతకు దగ్గరగా ఉంటుంది. నీరు చేసిన పనే ఇదీ చేస్తుంది, కాకపోతే అంత త్వరగా ఆరిపోదు. రెండోది, నీటిని అంటనీయకపోవడం. చుక్క అంచు తలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. థామస్ యంగ్ 1805లో దీన్ని వివరించాడు. మైనంమీద నీటి స్పర్శకోణం 100 డిగ్రీలు దాటుతుంది, అందుకే నీరు పరుచుకోకుండా ముత్యాల్లా నిలుస్తుంది.

"తామరాకు మీద నీటిబొట్టులా" అంటాం కదా, ఇదీ అలాంటిదేనా? సగం మాత్రమే. తామరాకుమీద మైనంతో పాటు మైక్రాన్ల కొలతలో బుడిపెలు కూడా ఉంటాయి. అందుకే చుక్క ఆగక దొర్లిపోతుంది, దుమ్మును కూడా తీసుకుపోతుంది. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో దీన్ని విశదీకరించారు. బండికీ అలాంటి బుడిపెలు పెడితే? నీరు నిలవదు, కానీ మెరుపూ నిలవదు. తామరాకు శుభ్రంగా ఉంటుందే గాని అద్దంలా మెరవదు కదా!

మైనానికి లేని శక్తిని అంటగట్టడం కూడా పొరపాటే. తుడిచాక మిగిలే మైనపుపొర మైక్రాను కన్నా పలచన. పొర పలచనైన కొద్దీ అది పీల్చుకునే కాంతి తగ్గుతుంది. ఎండకు అది గొడుగు కాలేదు. అసలైన గొడుగు నీడ, లేదా గుడ్డకప్పు. మైనం మేలు వేరే విధంగా ఉంటుంది. మురికి గట్టిగా అంటదు, కడగడం తేలిక, గట్టిగా రుద్దే పని తగ్గుతుంది. రుద్దడం తగ్గితే గీతలు తగ్గుతాయి, గీతలు తగ్గితే పాలిష్ అవసరమూ తగ్గుతుంది. కొద్ది నెలల్లో మైనం అరిగిపోతుంది నిజమే. కానీ అరగడానికే దాన్ని పూస్తాం. మళ్లీ పూసుకోవచ్చు. అరిగిన క్లియర్ కోట్‌ను మైనంలా మళ్లీ పూసుకోలేం.

ముందు ఏది, తర్వాత ఏది?

మొదట ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. దుమ్ముమీద గుడ్డ పెడితే అదే గరుకుకాగితం అవుతుంది. కడిగి, తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరాక ఒకసారి చూడాలి. ఆరినా మెరిస్తే మైనం ఒక్కటే చాలు. తడిగా ఉన్నప్పుడే మెరిస్తే సన్నని పాలిష్, ఆపైన మైనం. మొదటే ముతక కాంపౌండు జోలికి పోకూడదు. సన్ననిది ఒక మూల రుద్ది చూసి, చాలకపోతేనే ముతకది. పెచ్చులు లేచి ఉంటే పాలిష్ ఆపి రంగు సంగతి ఆలోచించాలి. ఈ పనులన్నీ నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చేయాలి. వేడిగా ఉంటే మైనంలోని ద్రావణి వెంటనే ఆవిరై, మైనం మరకలు కట్టి పట్టుకుంటుంది. ఆ ద్రావణి మంట అంటుకునే పదార్థం కాబట్టి దగ్గర నిప్పు ఉండరాదు.

క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో నిలిచిన బండికైనా, మన ఊరి బస్‌స్టాండులో ఎండుతున్న బస్సుకైనా ఈ లెక్క ఒక్కటే. పాలిష్ చేసిన ప్రతిసారీ అసలులోంచి ఖర్చు పెడుతున్నాం. మైనం పూసిన ప్రతిసారీ ఆ ఖర్చును కొంతకాలం వాయిదా వేస్తున్నాం. ఈసారి వాన వెలిశాక మీ వీధిలో నిలిపి ఉన్న వాహనాలను తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరిన తర్వాత ఒకసారి చూడండి. ఏ బండికి ఏమి కావాలో మీరే చెప్పగలుగుతారు.