‘చెత్త కథ’ అన్నారు సరే.. ఏది చెత్తో చెప్పారా?

రాత్రి పదకొండింటికి మీ సీరియల్‌లో కొత్త భాగం పెట్టి పడుకున్నారు. పొద్దున లేచి ఫోన్ చూస్తే రెండు కామెంట్లు. ఒకటి: ‘ఈ చెత్త రాసే బదులు వెళ్లి సప్లీలు రాసుకో’. రెండోది: ‘ఈ భాగం బాగా సాగింది. రైల్వే స్టేషన్ సీన్ మొత్తం తీసేసినా కథకేమీ కాదు’. రెండూ గుచ్చుకుంటాయి. నిజానికి రెండోదే ఎక్కువ గుచ్చుకోవచ్చు. ఆ సీన్ మీద మీకూ లోపల ఏదో అనుమానం ఉండే ఉంటుంది మరి. కానీ ఆ కామెంట్ పట్టుకుని ఈ సాయంత్రం కూర్చుంటే మీరు చేయగలిగే పని ఒకటుంది. మొదటిదాంతో ఏ పనీ లేదు.

ఆన్‌లైన్‌లో కథలు రాసేవాళ్లకు విమర్శకూ విద్వేషానికీ తేడా పట్టుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనిపించలేదు. చాలామంది మర్యాదను కొలబద్దగా పెట్టుకుంటారు. తీపిగా అంటే సలహా, ఘాటుగా అంటే తిట్టు అని. అక్కడే పప్పులో కాలేస్తారు. ‘క్లైమాక్స్ అస్సలు నమ్మబుద్ధి కాలేదు, హీరోకి ఆ లెటర్ ఎలా దొరికింది?’ అన్నది ఘాటుగానే ఉంది, పనికొచ్చే మాట. ‘పాపం, మీ ఊళ్లో చదువుకున్నవాళ్లు ఇంతకంటే బాగా ఎలా రాస్తారులెండి’ అన్నది ఎంత మెత్తగా ఉందో చూడండి! అందులో కథ గురించి ఒక్క ముక్కా లేదు. ఉన్నదంతా మీ గురించే. ఇంకో మాట, ‘సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?’ అని వచ్చేవి కూడా మనసుకు హాయే తప్ప కథకు మందు కాదు.

ఈ గొడవంతా కొత్తదేమీ కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లోనూ పాఠకులు ఉత్తరాలు రాసేవారు, మెచ్చుకునేవారు, తిట్టేవారు. అయితే పాఠకుడికీ పేజీకీ మధ్య ఎడిటర్ బల్ల ఒకటి ఉండేది. ఏ ఉత్తరం అచ్చవ్వాలో అక్కడ తేలేది. కోపంతో రాసినవాడు కూడా కవరు అంటించి, స్టాంపు వేసి, పోస్టు డబ్బా దాకా నడవాలి. ఆ నడకలోనే సగం కోపం దిగిపోయేదేమో! ఇప్పుడు ఆ బల్లా లేదు, నడకా లేదు. 2014లో బెంగళూరులో మొదలై తెలుగుతో కలిపి 12 భారతీయ భాషల్లో నడుస్తున్న ‘ప్రతిలిపి’ కావచ్చు, 2006 నుంచి ఉన్న ‘వాట్‌ప్యాడ్’ కావచ్చు.. పాఠకుడి మాట రాసినవాళ్ల చేతిలోని ఫోన్‌కే వస్తుంది. అందుకే ఆ ఎడిటర్ పని కూడా ఇప్పుడు మీరే చేసుకోవాలి.

బంగాళాదుంపలు, రసాయనశాస్త్రం

మంచి విమర్శ ఒక కథను ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే ‘ది మార్షియన్’ కథ తెలియాలి. ఆండీ వియర్ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన వ్యోమగామి కథను 2009 నుంచి ఒక్కో అధ్యాయంగా తన సొంత వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టుకుంటూ పోయారు. ఆ హీరో రాకెట్ ఇంధనం నుంచి నీళ్లు తీసి బంగాళాదుంపలు పండిస్తాడు. అంటే పేజీ పేజీకీ కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలే. చదివేవాళ్లలో సైన్స్ తెలిసినవాళ్లు చాలామంది. ఎక్కడ లెక్క తప్పిందో, ఏ రసాయన చర్య అలా జరగదో రాసి పంపేవారు. ఆయన సరిదిద్దేవారు. తర్వాత పాఠకులు అడిగారని కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టారు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ పుస్తకంగా తెచ్చింది. 2015లో రిడ్లీ స్కాట్ సినిమా తీశారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది సినిమా కాదు. ‘నీకు సైన్స్ రాదు’ అన్నవాడి వల్ల ఆ పుస్తకం ఒక్క లైను కూడా మారదు. ‘ఈ చర్యలో ఇంత వేడి పుడుతుంది, ఆ గది తట్టుకోదు’ లాంటి మాట వల్ల ఒక అధ్యాయమే మారుతుంది.

అసలు అడిగారా?

‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైట్ ఉంది. సినిమాల, నవలల పాత్రలను తీసుకుని అభిమానులు రాసే కథల నిలయం. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 2019లో హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అక్కడ ఓ పట్టింపు కనిపిస్తుంది: రచయిత అడగకుండా తప్పులు ఎత్తిచూపడం మర్యాద కాదని చాలామంది అభిప్రాయం. నచ్చకపోతే చదవకు, అంతే. తప్పులు చూడటానికి ‘బీటా రీడర్’ అని వేరే మనిషి ఉంటారు, కథ పెట్టకముందే చదివిపెడతారు. ఆ పేరు మన సాఫ్ట్‌వేర్ బీటా టెస్టింగ్ నుంచి వెళ్లిందే.

ఈ పట్టింపును నేను సగమే ఒప్పుకుంటాను. సరదాకి రాసుకునేవాళ్ల మీదకు ఎర్ర పెన్ను తీసుకుని వెళ్లడం అనవసరం. కానీ రేపు రచనతోనో, స్క్రిప్టుతోనో, కంటెంట్ ఉద్యోగంతోనో బతకాలనుకునేవాళ్లు ‘విమర్శలు వద్దు’ అని బోర్డు పెట్టుకుంటే నష్టం ఎవరికి? మీరు రెండో రకమైతే కథ కిందే రాయండి, ‘తప్పులు చెప్పండి, ఏమీ అనుకోను’ అని. అలా రాశాక నిజంగానే ఏమీ అనుకోకూడదు, అదే కష్టం.

యాస తప్పు కాదు

తెలుగు కథల కింద ఎక్కువ చిరాకు తెప్పించేది యాస మీద వెక్కిరింపు. పాత్ర ‘వచ్చిండు’ అనగానే ‘ముందు తెలుగు నేర్చుకుని రాయి’ అని ఒకరు దిగుతారు. ‘వచ్చినాడు’ అన్నా అంతే. అది అక్షరదోషం కాదు, ఆ మనిషి మాట్లాడే భాష. ఇలాంటి వెక్కిరింపు భాషాభిమానం ముసుగులో వస్తుంది కాబట్టి కొత్తగా రాసేవాళ్లు నిజంగానే భయపడిపోతారు. తర్వాతి భాగంలో అమ్మమ్మ చేత కూడా పాఠ్యపుస్తకం భాష మాట్లాడిస్తారు. కథ చప్పబడిపోతుంది.

అదే యాస మీద పనికొచ్చే విమర్శ ఎలా ఉంటుందంటే: ‘ఈ అమ్మమ్మది వరంగల్ పక్క ఊరన్నారు. రెండో భాగంలో వచ్చిండు అంది, నాలుగో భాగంలో వచ్చాడు అంటోంది. కావాలనే మార్చారా?’ చూడండి, ఈ పాఠకుడు శ్రద్ధగా చదివాడు, చోటు చూపించాడు, చివర్లో మీకో తలుపు కూడా తెరిచి ఉంచాడు. కావాలనే మార్చి ఉంటే చెప్పుకోవచ్చు.

ఐటీ వైపు వెళ్లేవాళ్లకు ఈ తరహా త్వరలోనే ఎదురవుతుంది. కోడ్ రివ్యూ అంటే ఇదే. మీరు రాసిన కోడ్ సీనియర్ చదివి, లైను పక్కన కామెంట్ పెడతారు. గూగుల్ తన కోడ్ రివ్యూ పద్ధతులను అందరూ చదువుకునేలా నెట్‌లో పెట్టింది. వ్యాఖ్య కోడ్ మీద ఉండాలి, రాసిన మనిషి మీద కాదు, ఎందుకు మార్చాలో కారణం చెప్పాలి అన్నది అందులో ముఖ్యమైన సూత్రం. చిన్నా చితకా విషయమైతే ముందు ‘నిట్’ అని రాయమంటారు, అంటే మార్చకపోయినా కొంపేమీ మునగదని. అందరూ అలా మొదలుపెట్టలేదు లెండి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఘాటైన ఈమెయిళ్లకు పెట్టింది పేరు. ఆయనే 2018 సెప్టెంబరులో తన తీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకొన్నారు. కోడ్ నాణ్యత విషయంలో పట్టు వదలమని కాదు అందరూ అడిగింది, మనుషుల్ని వదిలేయమని.

తిట్టు వస్తే

ఇక పచ్చి విద్వేషం గురించి. కులం, రూపం, ఊరు, ఆడపిల్లవి నీకెందుకు ఇలాంటి కథలు.. ఈ బాపతు. దీనికి జవాబు రాయాలనిపిస్తుంది, రాయకండి. మీ జవాబే వాళ్లకు తిండి. స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, ప్రొఫైల్ పేరు కనిపించేలా. ఆ తర్వాత బ్లాక్, రిపోర్ట్. ఈ వరుస తప్పకూడదు, ముందే డిలీట్ చేస్తే ఆధారం పోతుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదులు తీసుకునే అధికారిని నియమించి, వివరాలు సైట్లో పెట్టాలి. యాప్ అడుగున వెతికితే కనిపిస్తాయి.

కేసు పెట్టొచ్చా అని అడిగేవాళ్లుంటారు. ‘కథ బాగోలేదు, నీకు రాయడం రాదు’ అన్నందుకు కుదరదు. బాధ కలిగించే సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తీర్పు మీ కలానికి కూడా రక్షణేనని మర్చిపోవద్దు. కానీ చంపుతామని, ఇంటికొస్తామని బెదిరిస్తే, అసభ్య చిత్రాలు పంపితే, వద్దన్నా వెంటపడితే సంగతి వేరు. బెదిరింపుకు భారతీయ న్యాయ సంహితలో 351, స్త్రీల వెంటపడి వేధిస్తే 78 సెక్షన్లు ఉన్నాయి. జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు చేయొచ్చు. స్క్రీన్‌షాట్లు అక్కడే అక్కరకొస్తాయి. ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ‘కథలు మానెయ్’ అంటారనే భయంతో దాచుకునేవాళ్లే ఎక్కువ నలిగిపోతారు.

మంచి విమర్శ కావాలంటే అడిగే తీరు కూడా మారాలి. భాగం చివర ‘ఎలా ఉందో చెప్పండి’ అని రాస్తే ‘సూపర్’ అనే వస్తుంది, లేదంటే తిట్టు వస్తుంది. దాని బదులు ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ‘ఆ ఉత్తరం ఎవరు రాశారో మీకు ఏ సీన్‌లో అర్థమైంది?’ నలుగురు మొదటి సీన్‌లోనే అన్నారనుకోండి. సస్పెన్స్ ఎక్కడ కారిపోతోందో తెలిసిపోయినట్టే, ఇక ఫైలు తెరవండి.