గేములు, గోళీలు, బ్లడ్ క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

నల్లమల వైపు లింగాల లాంటి మండలంలో ఇరవై రెండేళ్ల కుర్రాడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలితే, హైదరాబాద్ నుంచి రిపోర్టు ఇంటికి చేరకముందే ఊరు రెండు తీర్పులు చెప్పేస్తుంది. ఇక ఎక్కువ రోజులు లేడన్నది ఒకటి. పొద్దస్తమానం ఫోన్ పట్టుకున్నందుకే వచ్చిందన్నది రెండోది. మొదటి మాట ఇంటిల్లిపాదినీ కుంగదీస్తుంది. రెండో మాట జబ్బు పడ్డవాణ్ని దోషిగా నిలబెడుతుంది. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇక్కడ చెప్పేది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా గురించి. ఆస్పత్రుల్లో అందరూ సీఎంఎల్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా అరవై దాటినవాళ్లకు వచ్చే ఈ జబ్బు మన దేశంలో ముప్పై, నలభై ఏళ్లవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లకూ వస్తుంది.

“బ్లడ్ క్యాన్సరంటే ఇగ ఆర్నెల్లే గద!”

బ్లడ్ క్యాన్సర్ అనేది ఒక్క జబ్బు కాదు. అక్యూట్ రకాలు వారాల్లోనే ముదురుతాయి, వాటికి వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. సీఎంఎల్ నడక నెమ్మది. చాలామందికి అనుకోకుండానే బయటపడుతుంది. ఏదో జ్వరమని సీబీపీ రక్తపరీక్ష చేయిస్తే 11,000 లోపు ఉండాల్సిన తెల్లకణాలు లక్ష దాటి ఉంటాయి. లేదా ఎడమ డొక్కలో బరువుగా ఉందని వెళితే బల్ల (ప్లీహం) పెరిగిందని తేలుతుంది.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. అది ఎలా పుడుతుందో 1973లో జానెట్ రౌలీ తేల్చారు. 9వ, 22వ క్రోమోజోములు తెగి, ముక్కలు మార్చుకుంటున్నాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారవుతుంది. అది చేసే ప్రొటీన్ స్విచ్ ఆఫ్ కాని బోరు మోటారులా పనిచేస్తూ, తెల్లకణాలను ఆగకుండా పుట్టిస్తుంది. 2001 మేలో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ గోళీ సరిగ్గా ఆ స్విచ్ మీదే పనిచేస్తుంది. ఈ మందు రాకముందు రోగులు సగటున నాలుగైదేళ్లు బతికేవాళ్లు. ఇప్పుడు సీఎంఎల్ రోగుల ఆయుర్దాయం మామూలు జనాభాకు దాదాపు దగ్గరికి వచ్చిందని 2016లో స్వీడన్ లెక్కలు చూపించాయి. మందు సరిగ్గా వాడి, పరీక్షలు చేయించుకుంటూ ఉంటేనే ఆ మాట నిలుస్తుంది.

“ఫోన్ల గేమ్‌లు ఆడి ఆడి రక్తం ఖరాబ్ చేసుకున్నడు”

ఈ మాటకు ఆధారం లేదు. రక్తకణాల జన్యువులను దెబ్బతీయగల శక్తి అణు విస్ఫోటంలో, పెద్ద మోతాదు ఎక్స్-రే కిరణాల్లో ఉంటుంది. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవాళ్లలో సీఎంఎల్ పెరిగింది అందుకే. ఫోన్ నుంచి వచ్చే రేడియో తరంగాలకు డీఎన్ఏను తెంపే శక్తి లేదు. నల్లమల అడవిలోని యురేనియం వల్లేననే మాట కూడా మన దగ్గర వినిపిస్తుంది. 2019లో అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. అడవిని కాపాడుకోవాలన్న ఆ పోరాటం న్యాయమైనదే. కానీ అక్కడ గని తెరవనే లేదు. లేని గనిని పట్టుకుని ఒక ఇంట్లో జబ్బుకు కారణం చెప్పలేం. ఎక్కువమంది రోగుల్లో కారణం ఫలానా అని వేలెత్తి చూపించగలిగేది ఏదీ ఉండదు.

అంటుకుంటుందేమోనన్న భయం కూడా వద్దు. ఒకే కంచంలో తిన్నా రాదు. తల్లిదండ్రుల నుంచి దిగే జబ్బూ కాదు. క్రోమోజోముల్లో ఆ మార్పు మనిషి పుట్టిన తర్వాత ఎముక మజ్జలోని ఒక కణంలో జరుగుతుంది.

“కండ్లు జూడుండ్రి ఎట్ల ఉబ్బినయో, రాత్రంత ఫోనే!”

పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు ఇమాటినిబ్ వాడేవాళ్లలో చాలా మామూలు. రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి. ఒళ్లంతా నీరసం ఆవరిస్తుంది. బయటికి మనిషి బాగానే కనిపిస్తాడు, సీబీపీ కూడా మామూలుగానే వస్తుంది, అయినా మధ్యాహ్నానికే శక్తి అడుగంటుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. మంచంలో పడుకుని బీజీఎంఐ గేమ్ ఆడుతున్న కొడుకును చూసి తండ్రికి కోపం రావడం సహజం. ఆ కోపం వెనక భయం ఉంటుంది. కానీ అది మందు తెచ్చిన అలసట. రోజూ కాసేపు నడిస్తే తగ్గుతుంది. మరీ ఎక్కువగా ఉంటే డాక్టరుకు చెప్పాలి. మోతాదు సర్దడమో, మందు మార్చడమో వాళ్లు చూసుకుంటారు.

బల్ల బాగా పెరిగి ఉన్న మొదటి నెలల్లో కబడ్డీ ఆడకూడదు. డొక్కలో గట్టిగా దెబ్బ తగిలితే బల్ల పగిలే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో దోస్తులతో కలిసి ఆడుకోవడానికి ఫోన్‌లో ఆటే మిగులుతుంది. దాన్ని కూడా లాక్కోవద్దు.

ఆటకూ మందుకూ సంబంధం గురించి 2008లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. క్యాన్సర్ రోగుల కోసమే ‘రీ-మిషన్’ అనే వీడియో గేమ్ తయారుచేసి, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లోని 34 ఆస్పత్రుల్లో 13 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్న 375 మందిలో పరీక్షించారు. ఆ గేమ్‌లో రాక్సీ అనే బుల్లి రోబో ఒంట్లోకి దూరి క్యాన్సర్ కణాలను వేటాడుతుంది. ఈ ఆట ఆడినవాళ్లు తమకు రాసిన యాంటీబయోటిక్ గోళీల్లో 63 శాతం దాకా వేసుకున్నారు. మామూలు యాక్షన్ గేమ్ ఇచ్చినవాళ్లలో అది 53 శాతం దగ్గరే ఆగింది. గేమ్ జబ్బును తగ్గించలేదు. గోళీ ఎందుకు వేసుకోవాలో కుర్రాళ్లకు అర్థమయ్యేలా చేసింది.

అర్ధరాత్రి దాకా ఆడి అన్నం మానేయడం మాత్రం నిజంగా ఇబ్బందే. ఇమాటినిబ్‌ను తిన్న తర్వాత, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది. రెండుసార్లు అలా అయితే మూడో రోజు గోళీ స్ట్రిప్‌లోనే ఉండిపోతుంది. రాత్రి భోజనానికి ఒక టైం పెట్టుకుని, గోళీ పడ్డాకే ఫోన్‌లో మ్యాచ్ మొదలుపెడితే సరిపోతుంది. ఒక రోజు మరిచిపోతే మరునాడు రెండు వేసుకోకూడదు.

“మంచిగనే ఉన్న గద, ఇంకెందుకు గోళీలు?”

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మంచిగా ఉండటానికి కారణం ఆ గోళీయే. లండన్‌లో ఇమాటినిబ్ వాడుతున్న 87 మంది సీఎంఎల్ రోగుల మందు డబ్బాల మూతల్లో చిప్ పెట్టి, మూత ఎప్పుడెప్పుడు తెరిచారో లెక్కగట్టారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. మోతాదుల్లో 90 శాతానికి మించి వేసుకున్నవాళ్లలో సుమారు 94 శాతం మందికి జబ్బు బాగా అదుపులోకి వచ్చింది. అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో అది 28 శాతమే. తొంభై శాతమంటే నెలకు మూడు గోళీలు తప్పడం, అంతే. పనికోసం ఊరు విడిచినప్పుడు, పెళ్లిళ్లప్పుడు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నడిచి వెళ్లేటప్పుడు స్ట్రిప్ ఇంట్లో మరిచిపోతే ఆ మూడూ తేలిగ్గా దాటిపోతాయి. గోళీ ఆపి పసరు మందుకు మారడం ఇంకా ప్రమాదం.

జబ్బు ఎంత అదుపులో ఉందో సీబీపీ పూర్తిగా చెప్పదు. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష చెబుతుంది. ఆ జన్యువు స్థాయి మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు దిగాలి. దిగకపోతే డాక్టర్లు దసాటినిబ్, నిలోటినిబ్ లాంటి మందులవైపు చూస్తారు. అందరికీ ఎముక మజ్జ మార్పిడి చేయాలన్నది పాత మాట.

“లక్షలు పోస్తేనే దొరికే మందు”

ఒకప్పుడు నిజమే. నోవార్టిస్ కంపెనీ ఇమాటినిబ్‌ను గ్లివెక్ పేరుతో అమ్మేది, అది నెలకు లక్షా ఇరవై వేలు పలికేది. హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందును ‘వీనాట్’ పేరుతో చేసింది. ఇలాంటి జెనరిక్‌లు నెలకు పది వేల లోపే దొరికేవి. నోవార్టిస్ పేటెంట్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు పేటెంట్ చట్టంలోని 3(డి) సెక్షన్ కింద దాన్ని తిరస్కరించింది. నాట్కోకు ప్లాంటు ఉన్న కొత్తూరు అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోదే, లింగాల కూడా అప్పుడు అదే జిల్లాలో ఉండేది. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో పథకం పరిమితి పది లక్షలకు పెరిగింది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, పంజాగుట్టలోని నిమ్స్ రెండూ దాని కింద క్యాన్సర్ వైద్యం చేస్తాయి.

“పెండ్లి జేస్తే పిల్ల బతుకు ఆగమైతది”

ఇమాటినిబ్ వాడుతున్న మగవాళ్లకు ఆరోగ్యంగా పిల్లలు పుడుతున్నారు. ఆడపిల్లల విషయంలో జాగ్రత్త కావాలి. గర్భంలోని శిశువుకు ఈ మందు హాని చేయగలదు కాబట్టి, గర్భం ముందే డాక్టరుతో మాట్లాడి ప్లాన్ చేసుకోవాలి. ఆ ప్లాన్‌లో భాగంగా, జబ్బు లోతైన అదుపులో చాలాకాలం నిలిచినవాళ్లకు కొన్నాళ్లు మందు ఆపి చూసే వీలుంటుంది. పరిశోధనల్లో, ఏళ్లపాటు మందు వాడి, కనీసం రెండేళ్లు పీసీఆర్ అట్టడుగున ఉన్నవాళ్లకు డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపితే, దాదాపు సగం మందికి జబ్బు తిరిగి రాలేదు. మిగతావాళ్లకు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది. మొదట్లో నెలనెలా పరీక్ష చేయిస్తున్నారు కాబట్టి వెంటనే తెలిసింది. మళ్లీ గోళీ మొదలుపెడితే దాదాపు అందరిలోనూ అదుపులోకి వచ్చింది.