నూటికి ఏబది డివిడెండు

కంపెనీవారు నూటికి 50 వంతున డివిడెండు ప్రకటించిరని వినగానే, పెట్టిన సొమ్ములో సగము చేతికి వచ్చునని తలచు వాటాదారులు కలరు. ఆ లెక్క వాటా ముఖవిలువపైననే గాని కొన్న ధరపైన గాదు. ముఖవిలువ రూ. 10లు గల వాటాను రూ. 400లకు కొన్నవానికి వచ్చునది రూ. 5లు, అనగా పెట్టుబడిపై నూటికి రూపాయి పావలా. పెద్ద అంకె ప్రకటనకు సొంపు, కొన్నవానికి భ్రమ!

ఆ అయిదు రూపాయలనైనను పుచ్చుకొనక విడుచువారు లేకపోలేదు. చిరునామా మారుటయు, వాటాపత్రమును పెట్టెలో దాచి వారసులకు జెప్పకయే గతించుటయు ఇందులకు హేతువులు. భారతదేశపు 2013 నాటి కంపెనీల చట్టము 124వ సెక్షను ననుసరించి, ఏడేండ్లు చెల్లక నిలిచిన డివిడెండు మదుపుదారుల రక్షణకై ప్రభుత్వము నెలకొల్పిన నిధికి జేరును. వరుసగా ఏడేండ్లు డివిడెండు పుచ్చుకొనని యెడల వాటాలును దాని వెంటనే పోవును. సొంతదారుడుగాని వారసులుగాని తగిన ఋజువులతో దరఖాస్తు పెట్టి వానిని మరల పొందవచ్చును.