పడమటి గోడకు పచ్చని నీడ: ఇంటి చుట్టూ మొక్కలతో విద్యుత్ ఆదా ఎలా?

కిరుమాంబాక్కం (పుదుచ్చేరి): మే నెలలో సూర్యాస్తమయం తర్వాత కూడా డాబా ఇంటి పడమటి గోడను తాకితే చేతికి వేడి తెలుస్తుంది. రాత్రి ఏసీ వేస్తే గదిలోని గాలితో పాటు ఆ గోడ పగలంతా దాచుకున్న వేడిని కూడా అది తొలగించాల్సి వస్తుంది. కరెంటు బిల్లులో కొంత భాగం ఆ గోడదే.

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రహదారిపై, సముద్రానికి చేరువలో ఉన్న కిరుమాంబాక్కం వంటి ఊళ్లలో వేసవి ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. ఇంటి చుట్టూ చెట్లుంటే చల్లగా ఉంటుందన్నది అందరూ ఎరిగినదే. అయితే ఏ దిక్కున ఏ మొక్క నాటామన్న దానిపైనే విద్యుత్ ఆదా ఆధారపడి ఉంటుంది.

శీతల దేశాల సలహా ఇక్కడ చెల్లదు

ఐరోపా, ఉత్తర అమెరికాల్లో ఇంటికి దక్షిణ దిశలో ఆకురాల్చే చెట్లు నాటాలని చెబుతారు. అవి వేసవిలో నీడనిస్తాయి, శీతాకాలంలో ఆకులు రాల్చి వెచ్చని ఎండను లోపలికి రానిస్తాయి. కిరుమాంబాక్కానికి ఈ సూత్రం సరిపడదు. ఇక్కడ శీతాకాలంలో ఇంటిని వేడి చేసుకోవాల్సిన అవసరమే లేదు.

సూర్యుడి నడక కూడా వేరు. ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన 12 డిగ్రీల అక్షాంశానికి దగ్గరగా ఉంది. అందువల్ల సుమారు ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. హైదరాబాద్, విశాఖపట్నాల్లోనూ మే రెండో వారం నుంచి జులై చివరి వరకు ఇదే స్థితి. నడినెత్తి ఎండ ఉత్తర, దక్షిణ గోడలపై ఏటవాలుగా జారిపోతుంది. దానిని ఆపడానికి కిటికీపై సన్‌షేడ్ చాలు.

తూర్పు, పడమర గోడల సంగతి అలా కాదు. ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందికి ఉంటాడు కనుక ఎండ సన్‌షేడ్ కిందుగా దూరి గోడకు సూటిగా తగులుతుంది. అప్పటికే వేడెక్కిన ఇంటిపై పడే సాయంత్రపు ఎండ మరింత భారమవుతుంది. చెట్టు నీడ మొదట అవసరమయ్యేది అక్కడే. వేసవిలో సూర్యుడు సరిగ్గా పడమరన కాక కొంత వాయవ్యంగా అస్తమిస్తాడు. కాబట్టి చెట్ల వరుసను పడమర నుంచి వాయవ్య మూల దాకా కొనసాగించాలి.

ఎత్తును కూడా లెక్క కట్టుకోవచ్చు. మే మధ్యలో సాయంత్రం 4 గంటలకు ఇక్కడ సూర్యుడు దిగంతానికి సుమారు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 4 మీటర్ల గోడకు పైఅంచు వరకు నీడ పడాలంటే, 4 మీటర్ల దూరంలో నాటిన చెట్టు సుమారు 7 మీటర్లు ఎదగాలి.

గాలికి దారి వదలాలి

మొక్కలు ఆకుల ద్వారా నీటిని ఆవిరి చేస్తూ పరిసరాల వేడిని తీసుకుంటాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి సుమారు 0.67 యూనిట్ల విద్యుత్తుకు సమానం. అయితే తీరప్రాంతపు గాలిలో ముందే తేమ ఎక్కువ కనుక ఈ ప్రభావం పొడి ప్రాంతాల్లో ఉన్నంతగా ఉండదు. ఇక్కడ నీడ, గాలి ఈ రెండే ప్రధానం.

వేసవి పగటిపూట సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయ దిశల నుంచి వీస్తుంది. ఆ వైపు దట్టమైన కంచె పెంచితే ఇల్లు ఉక్కిరిబిక్కిరవుతుంది. అక్కడ మోకాలెత్తు పొదలు గానీ, కింద మాను ఖాళీగా ఉండి పైన గుబురుగా పెరిగే చెట్లు గానీ మేలు.

ఇందుకు నిదర్శనం పుదుచ్చేరి పట్టణంలోనే ఉంది. వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్ రూపకల్పనలో శ్రీ అరవిందాశ్రమం కోసం 1930ల చివర్లో నిర్మాణం ప్రారంభించిన వసతి భవనం ‘గోల్కొండ’. నాటి హైదరాబాద్ సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన విరాళానికి గుర్తుగా దానికి ఆ పేరు పెట్టారు. భవనం పొడవాటి ముఖాలు ఉత్తర, దక్షిణాలకు ఉన్నాయి. ఆ రెండు వైపులా తోటలు, ముఖభాగమంతా తెరిచి మూసుకోగల అడ్డపలకలు ఉన్నాయి. పైకప్పుపై వంపు పలకలు పరచి, మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదిలారు. ఏసీతో పనిలేకుండా గదులను చల్లగా ఉంచే ఏర్పాటు ఇది.

ఏం నాటాలి, ఎంత దూరంలో?

వేప, కానుగ, పొన్న ఈ తీరానికి అలవాటైన చెట్లు. పొన్న ఉప్పుగాలిని కూడా తట్టుకుంటుంది. అవి ఎదగడానికి ఏళ్లు పడుతుంది కనుక అంతవరకు తీగలు ఆదుకుంటాయి. పడమటి గోడకు అడుగు దూరంలో తాళ్లతో గానీ వెదురుతో గానీ పందిరి కట్టి బీర, చిక్కుడు, శంఖపుష్పం పాకిస్తే మొదటి వేసవిలోనే నీడ దొరుకుతుంది. గోడకూ తీగకూ మధ్య ఖాళీ ఉంటే వేడిగాలి పైకి పోతుంది, గోడకు చెమ్మ పట్టదు.

వాకిలంతా సిమెంటు చేయకుండా కొంత మట్టినేల వదలడం అవసరం. సిమెంటు నేల వేడిని దాచుకుని రాత్రి వరకు విడుస్తుంది, వాన నీటిని ఇంకనివ్వదు. తీరంలో భూగర్భ జలాన్ని అధికంగా తోడితే ఉప్పునీరు చేరే ముప్పు ఉంది. అందుకే నీరెక్కువ తాగే పచ్చిక బయలు ఇక్కడ పొదుపు కిందికి రాదు. అరటి వంటి మొక్కలకు వంటింటి నీరు మళ్లించవచ్చు.

తుపాను హెచ్చరిక

చెట్టు నీడకు ఇంకో వైపు ప్రమాదమూ ఉంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి–కడలూరు తీరంలో వేలాది చెట్లను కూల్చింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. పెద్ద చెట్లను గోడకు ఆనుకొని గానీ విద్యుత్ తీగల కింద గానీ నాటరాదు. ఎండిన కొమ్మలను ఏటా అక్టోబరుకు ముందే తొలగించాలి. పెళుసైన మునగను ఇంటికి దూరంగా పెంచాలి.

ఆదా ఎంత?

పైకప్పును మాత్రం చెట్లు పూర్తిగా కాపాడలేవు. రోజంతా ఎండను మోసే స్లాబుకు వేడిని తిప్పికొట్టే తెల్లని పూత గానీ, పందిరి గానీ ఉండాలి. ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతున్న ప్రకారం ఏసీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుంది. గోడ చల్లగా ఉన్న గదిలో 22 డిగ్రీలకు బదులు 24 డిగ్రీలు, ఫ్యానుతో, హాయిగానే ఉంటాయి. ఏసీ బయటి యూనిట్‌కూ నీడ మంచిదే. అయితే దాని గాలికి మొక్కలు అడ్డురాకూడదు.

పుదుచ్చేరికి ఏడాది వర్షంలో అధిక భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఆ వానల తొలినాళ్లలో ఊతకర్ర కట్టి నాటిన మొక్కకు వేసవి లోపు వేళ్లూనుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక్క మొక్కకే చోటున్న ఇంట్లో దానికి తగిన స్థలం పడమటి వైపే.